కోయకుండా కొవ్వును చదివిన కథ

మన సంఘ సమావేశాలలో పూర్వం బి.పి. ఎంత, షుగరు ఎంత అని కుశల ప్రశ్నలు వేసుకునేవారు. ఇప్పుడు వాటికి తోడు "ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్" అన్న మాట వచ్చి చేరింది. కడుపు స్కానింగు తీయించుకుని వచ్చినవారు కవరులోంచి రిపోర్టు తీసి చూపిస్తారు. "నేను సన్నగానే ఉన్నాను గదా, నాకు కొవ్వేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెదుక్కుంటూ పోతే సుమారు 200 ఏళ్ల చరిత్ర బయటపడుతుంది. అందులో మన నువ్వుల చేలున్నాయి, సబ్బుల రసాయనశాలలున్నాయి, భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని పేరుంది, బెంగుళూరు, బొంబాయి శాస్త్రవేత్తల శ్రమ ఉంది. ఒంటిలో కొవ్వు ఎంత ఉన్నదో కాక, ఎటువంటి కొవ్వు ఉన్నదో కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా తెలుసుకోవడం ఎలా సాధ్యమయిందో ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నువ్వుల నేల

జగిత్యాల పక్కనే పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం నువ్వుల పంటకు పేరు పొందినది. శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి పడిన తరువాత, కాలువ నీళ్లు వచ్చిన కొద్దీ ఈ ప్రాంతంలో వరి పెరిగింది. వరి కోసిన మడిలో ఎండాకాలం నువ్వులు చల్లడం రైతులకు అలవాటయింది. సంక్రాంతికి చేసే సకినాలలో నువ్వులు పడకపోతే అవి సకినాలు కావని మన ఆడవారి తీర్పు. నువ్వుల నూనె, పల్లి నూనె, కుసుమ నూనె ఇవే మన పాతకాలపు వంటనూనెలు. ఎద్దును కట్టి తిప్పే గానుగలోంచి వచ్చేవి.

ఈ గానుగ మీద ఒక పుస్తకమే వ్రాసిన పండితుడు డా॥ కె.టి. అచ్చయ్య. నూనెలు, కొవ్వుల రసాయనశాస్త్రంలో ఆయన నిపుణుడు. హైదరాబాదు తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాశాలలో సుమారు రెండు దశాబ్దాలు పనిచేశారు. నిజాం రాజ్యకాలంలో 1944లో మొదలైన పరిశోధనాలయమే 1956లో ప్రాంతీయ పరిశోధనాశాల అయింది. 1989లో దానికే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు మారింది. నూనెగింజల నుంచి కొవ్వుల దాకా పరిశోధించే ప్రత్యేక విభాగం అక్కడ ఉన్నది.

మన వంటింటి నూనె మాత్రం అలాగే నిలిచి ఉండలేదు. 1937లో దేశంలోకి డాల్డా వచ్చింది. తరువాత చౌక ధరల దుకాణంలో పామాయిల్, ఆపైన ప్యాకెట్లలో సన్‌ఫ్లవర్ నూనె వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న రొట్టె తినే ఇళ్లలో కూడా రెండు పూటలా అన్నమే అయింది. ఒక్క మనిషి జీవితకాలంలోనే ఇన్ని మార్పులు జరిగాయి. వీటిలో ప్రతిదీ మన ఒంటి కొవ్వులో తన గుర్తును వదిలింది. ఆ గుర్తును చదవడం ఎలా అన్నదే శాస్త్రవేత్తల ముందున్న సమస్య.

మూడు తోకల అణువు

కొవ్వు అంటే ఏమిటో మొదట తేల్చినవాడు ఫ్రాన్సు దేశపు మిషెల్ షెవ్రల్. 1813 మొదలు పదేళ్లపాటు సబ్బులను, జంతువుల కొవ్వును విడదీసి చూసి, ఏ కొవ్వయినా గ్లిసరిన్, కొన్ని ఆమ్లాలు కలిసినదేనని 1823లో గ్రంథం ప్రకటించాడు. ఈయన నూరేళ్లు దాటి బ్రతికి 102వ ఏట కన్నుమూశాడు. పెన్షనర్లు తప్పక గుర్తుంచుకోవలసిన శాస్త్రవేత్త!

కొవ్వు అణువును ఒక పీట అనుకుంటే, దానికి మూడు పొడవాటి తోకలు వేలాడుతుంటాయి. పీట గ్లిసరిన్. తోకలు కొవ్వు ఆమ్లాలు. తోకలోని కార్బన్ పరమాణువులన్నీ ఒంటి బంధంతో కలిసి ఉంటే అది తిన్నగా ఉంటుంది. దానిని సంతృప్త ఆమ్లం అంటారు. నడుమ ఒక జంట బంధం, అంటే ద్విబంధం ఉంటే తోక అక్కడ వంగుతుంది. అది ఏక అసంతృప్త ఆమ్లం. రెండు గాని అంతకు మించి గాని ద్విబంధాలుంటే బహు అసంతృప్త ఆమ్లం.

ఇదంతా పుస్తకాల మాట కాదు. మార్గశిర పుష్య మాసాల చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. పక్కనే ఉన్న నువ్వుల నూనె ధారగానే ఉంటుంది. కొబ్బరినూనెలో 90 శాతం వరకు తిన్నని తోకలే. అవి పేర్చిన కట్టెల మోపులాగా ఒకదానినొకటి అంటి గడ్డకడతాయి. నువ్వుల నూనెలో సుమారు 40 శాతం ఒక వంపు ఉన్న ఓలిక్ ఆమ్లం, అంతకంటే కొంచెం ఎక్కువగా రెండు వంపులున్న లినోలిక్ ఆమ్లం ఉన్నాయి. వంకర కట్టెలు మోపు కట్టడానికి లొంగవు గదా! పామాయిల్‌లో తిన్నని పామిటిక్ ఆమ్లం 40 శాతం దాటుతుంది. సన్‌ఫ్లవర్ నూనెలో లినోలిక్ ఆమ్లం 60 శాతం దాకా ఉంటుంది.

ఈ ద్విబంధాలను లెక్కపెట్టే ఉపాయం 1884లోనే దొరికింది. ఆస్ట్రియా దేశీయుడు హ్యూబ్ల్, నూనెలో అయొడిన్ కలిపితే అది ద్విబంధాలకే అంటుకుంటుందని, ఎంత అయొడిన్ పట్టిందో చూస్తే ద్విబంధాలు ఎన్నో తెలుస్తుందని చూపించాడు. దానినే అయొడిన్ విలువ అంటారు. కొబ్బరినూనెకు అది 10 లోపు, నువ్వుల నూనెకు 100 పైన. నూనెల కల్తీని పట్టే ప్రయోగశాలలలో పనిచేసినవారికి ఇది చిరపరిచితమైన పరీక్ష.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నెయ్యిలో వనస్పతి కలిపితే పట్టుకోవడానికి, వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. నువ్వుల నూనెకు మాత్రమే ఉన్న ఒక పదార్థం వల్ల బాడ్విన్ పరీక్షలో ఎర్రరంగు తేలుతుంది. మన చేలలో పండే నువ్వు దేశమంతటా నెయ్యికి కాపలా కాసిందన్నమాట.

ఒంటి కొవ్వు దినచర్య పుస్తకం

1929లో అమెరికాలో జార్జి బర్, ఆయన భార్య మిల్డ్రెడ్ కలిసి ఎలుకలమీద ప్రయోగాలు చేసి, కొన్ని కొవ్వు ఆమ్లాలను శరీరం తయారుచేసుకోలేదని, ఆహారంలో రావలసిందేనని నిరూపించారు. లినోలిక్ ఆమ్లం అటువంటిది. పామిటిక్, ఓలిక్ ఆమ్లాలు అటువంటివి కావు. వాటిని శరీరం తానే చేసుకోగలదు. అవసరానికి మించి తిన్న అన్నం, పంచదార కాలేయంలో ముందుగా పామిటిక్ ఆమ్లంగా మారుతాయి.

ఈ తేడా చాలా ముఖ్యమైనది. లినోలిక్ ఆమ్లం ఒంటి కొవ్వులో ఎంత ఉంటే అంతా నోటిలోంచి వచ్చినదే. అందువల్ల దానిని చూసి మనిషి కొన్నేళ్లుగా ఏ రకం నూనె తిన్నాడో అంచనా కట్టవచ్చు. పశువుల సంగతి వేరు. బర్రెకు నువ్వుల చెక్క పెట్టినా, దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ద్విబంధాలను చాలావరకు తీసివేస్తాయి. అందుకే నెయ్యి గడ్డకడుతుంది. కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులకు ఇది తెలిసిన పాఠమే. మనిషి కడుపులో ఆ ఏర్పాటు లేదు. తిన్న నూనె రకం తిన్నట్లే కొవ్వులోకి చేరుతుంది.

అయితే ఆ కొవ్వును బయటికి తీసేదెట్లా? 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతితో కొవ్వు ఆమ్లాలను ఒక్కొక్కటిగా విడదీయడం నేర్పారు. 1960లో అమెరికాలో జూల్స్ హిర్ష్, సూదితో చర్మం కిందినుంచి రవ్వంత కొవ్వును పీల్చి పరీక్షించే పద్ధతిని ప్రకటించాడు.

సరిగ్గా ఆ కాలంలోనే లాస్ ఏంజిలిస్‌లో ఒక పెద్ద పరిశోధన సాగింది. అది మనలాంటివారి మీదనే సాగింది. మాజీ సైనికుల ఆశ్రమంలో ఉన్న 846 మంది పురుషులను, సగటు వయస్సు 65 ఏళ్లు దాటినవారిని, రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు భోజనం, రెండవ భాగానికి జంతు కొవ్వు తగ్గించి మొక్కజొన్న, సోయా, కుసుమ వంటి నూనెలతో భోజనం పెట్టారు. సేమూర్ డేటన్ బృందం 1969లో ఫలితాలు ప్రకటించింది. నూనెల భోజనం తిన్నవారి ఒంటి కొవ్వులో లినోలిక్ ఆమ్లం సుమారు 11 శాతం నుంచి అయిదేళ్లలో 30 శాతం దాటింది. గుండె, రక్తనాళాల జబ్బులు ఆ భాగంలో తక్కువగా కనబడినా, మొత్తం మరణాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొవ్వులో పాత ఆమ్లం సగం మారడానికి సుమారు రెండేళ్లు పడుతుందని కూడా వారి లెక్కలవల్లనే తెలిసింది. రక్తపరీక్ష నిన్నటి మాట చెబితే, ఒంటి కొవ్వు రెండు మూడేళ్ల మాట చెబుతుంది.

ఒక మనిషికే కాదు, ఒక దేశానికి కూడా ఇది దినచర్య పుస్తకమే. అమెరికాలో వేర్వేరు పరిశోధనలలో సేకరించిన కొవ్వు నమూనాల లెక్కలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. 1959లో అక్కడి పెద్దల ఒంటి కొవ్వులో లినోలిక్ ఆమ్లం 9.1 శాతం. 2008 నాటికి 21.5 శాతం. యాభై ఏళ్లలో ఒక జాతి వంటనూనె మారితే, ఆ జాతి శరీరమే రెండింతలు మారిపోయింది.

కాని సూది సూదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఏటేటా పొట్ట మీద సూది గుచ్చించుకోవడానికి ఒప్పుకోడు. కాలేయంలో సూది గుచ్చడం అంతకంటే ప్రమాదం. కోయకుండా, గుచ్చకుండా చదివే మార్గం కావాలి. ఆ మార్గం ఒక తెలుగువాని పరిశోధనతో ముడిపడి ఉన్నది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

డా॥ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు. వారిద్దరూ కలిసి 1925లో శరీర ద్రవాలలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. భాస్వరం కలిసిన కొవ్వులను కొలవడానికి కూడా తరువాతి తరాలవారు దానినే ఆశ్రయించారు.

ఆ పద్ధతితోనే వారు కండరాన్ని పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి.ని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం కదలడానికి శక్తినిచ్చేవి ఇవే. ఎంతో పెళుసయిన పదార్థాలు. కండరాన్ని కోసి, వెంటనే గడ్డకట్టించి, ఆమ్లంతో పిండి తీస్తే గాని దొరకవు. ఆలస్యమైతే విరిగిపోతాయి. కోస్తే గాని చూడలేము, కోస్తే చెడిపోతాయి! సుబ్బారావుగారు తరువాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే మందు మొదలైన వాటి వెనుక నిలిచి, 1948లో కన్నుమూశారు. ఆయన కనుగొన్న పదార్థాలను కోయకుండా చూసే రోజు ఆయన పోయిన పాతికేళ్లకు వచ్చింది.

అయస్కాంతం ముందు అణువుల పాట

1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా ఒక వింతను చూశారు. బలమైన అయస్కాంతంలో పెట్టిన పదార్థానికి తగిన రేడియో తరంగం తగిలిస్తే, అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు దానికి బదులు పలుకుతాయి. దీనినే కేంద్రక అయస్కాంత అనునాదం అన్నారు. 1952లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మొదట్లో హైడ్రోజన్ ఎక్కడున్నా ఒకే స్వరంతో పలుకుతుందని అనుకున్నారు. 1951లో స్టాన్‌ఫర్డులో ఆర్నాల్డ్, ప్యాకర్డులతో కలిసి మన భారతీయుడు ఎస్.ఎస్. ధర్మట్టి సారాయి అణువును పరీక్షించగా, ఒక స్వరం బదులు మూడు స్వరాలు వినబడ్డాయి. ఒకే అణువులో మూడు చోట్ల ఉన్న హైడ్రోజన్లు మూడు రకాలుగా పలికాయి. ఇరుగుపొరుగును బట్టి హైడ్రోజన్ స్వరం మారుతుందని రూఢి అయింది. ధర్మట్టిగారు తరువాత బొంబాయి టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థలో ఈ శాస్త్రానికి పునాది వేశారు. అదే 1951లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో జి. సూర్యన్, గొట్టంలో పారే ద్రవం నుంచి ఈ సంకేతం ఎలా మారుతుందో కొలిచారు. నేడు ఎం.ఆర్.ఐ.లో రక్తప్రవాహాన్ని చూసే పద్ధతులకు అది తొలి అడుగులలో ఒకటి.

1973లో పాల్ లాటర్‌బర్ ఈ సంకేతాలతో బొమ్మ గీయవచ్చునని చూపాడు. 1975లో జూరిచ్‌లో అనిల్ కుమార్, వెల్టి, రిచర్డ్ ఎర్నెస్ట్ కలిసి బొమ్మ తీసే గణిత పద్ధతిని ప్రకటించారు. ఆసుపత్రులలోని యంత్రాల పద్ధతికి మూలం అదే. ఎర్నెస్టుకు 1991లోను, లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డులకు 2003లోను నోబెల్ బహుమతులు వచ్చాయి. అనిల్ కుమార్‌గారు బెంగుళూరుకు వచ్చి తరతరాల విద్యార్థులను తీర్చిదిద్దారు.

ఈ నడుమ 1974లో ఆక్స్‌ఫర్డులో జార్జి రాడా, రిచర్డ్స్ మొదలైనవారు ఎలుక కాలి కండరాన్ని నలపకుండా, పిండకుండా అయస్కాంతంలో పెట్టి భాస్వరం పాట విన్నారు. వినబడినవి ఏవి? సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.! 1981లో మనిషి ముంజేతిని అలాగే యంత్రంలో ఉంచి, ఒక కండర వ్యాధిని గుర్తించగలిగారు. కణజాలాన్ని పాడుచేయకుండా దానిలోని రసాయనాన్ని చదవడం అక్కడ మొదలయింది. మన దేశానికి ఎం.ఆర్.ఐ. యంత్రం 1986లో ఢిల్లీలోని రక్షణశాఖ పరిశోధనా సంస్థకు మొదటగా వచ్చింది.

కొవ్వు వంతు

ఇక కొవ్వు వంతు వచ్చింది. 1983లో అమెరికాలో కనియోని, ఆల్గర్, షుల్మన్ బ్రతికి ఉన్న ఎలుక కొవ్వులో కార్బన్ సంకేతాన్ని విన్నారు. 1988లో మూనెన్ బృందం మనిషి ఒంటి కొవ్వులో లినోలిక్ ఆమ్లం శాతాన్ని సూది లేకుండానే కొలిచింది. కాని కార్బన్‌లో ఇలా పలికే రకం నూటికి ఒకటే. పాట మెల్లగా వినబడుతుంది, ఓపిక కావాలి. ప్రత్యేక పరికరం కావాలి. హైడ్రోజన్ అయితే గట్టిగా పలుకుతుంది, ప్రతి ఆసుపత్రి యంత్రమూ దానినే వింటుంది.

కొవ్వు తోకలోని హైడ్రోజన్లన్నీ ఒకే స్వరంలో పలకవు. తోక చివరివి ఒక తీరు, తిన్నని భాగంలోనివి ఒక తీరు, ద్విబంధం మీదివి మరొక తీరు, రెండు ద్విబంధాల నడుమ చిక్కుకున్నవి ఇంకొక తీరు. నీటి హైడ్రోజన్ వీటన్నిటికీ వేరు. 2008లో డల్లాస్‌లో ఒక బృందం 7 టెస్లాల బలమైన అయస్కాంతంలో ఈ స్వరాలను విడివిడిగా విని, మనుషుల చర్మం కింది కొవ్వు, ఎముక మజ్జలోని కొవ్వు కూర్పును లెక్కగట్టింది.

మరి మామూలు ఆసుపత్రి యంత్రంతో, ఒక్కచోట కాదు, పొట్ట అంతటా బొమ్మలాగా చూడాలంటే? దీనికి సిరిసిల్ల సాంచాలను ఉపమానంగా తీసుకుంటే సులువు. పక్కపక్కన రెండు సాంచాలు నడుస్తున్నాయనుకోండి. ఒకటి రవ్వంత వేగం, మరొకటి రవ్వంత నిదానం. కాసేపు రెండింటి దెబ్బలు కలిసి ఒక్కటిగా వినబడతాయి. కాసేపటికి విడిపోయి ఒకదాని నడుమ ఒకటి పడతాయి. మళ్లీ కలుస్తాయి. ఎంతసేపటికి కలుస్తున్నాయో చూస్తే వేగాల తేడా తెలిసిపోతుంది. 1.5 టెస్లాల యంత్రంలో హైడ్రోజన్ సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల సార్లు తిరుగుతుంది. కొవ్వులోని ముఖ్యమైన హైడ్రోజన్ నీటి హైడ్రోజన్ కంటే సుమారు 220 తక్కువ తిరుగుతుంది. సెకనులో వెయ్యవ వంతుల లెక్కన అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. 1984లో థామస్ డిక్సన్ కలిసినప్పుడు ఒక బొమ్మ, విడిపోయినప్పుడు ఒక బొమ్మ తీసి, నీటిని, కొవ్వును వేరుచేశాడు. తరువాతివారు రెండు బొమ్మలకు బదులు ఆరు, ఎనిమిది, ఇంకా ఎక్కువ తీసి, కొవ్వులోని పలు స్వరాలను కూడా విడదీశారు. 2011లో శాన్‌డియాగోలో హామిల్టన్ బృందం కాలేయపు కొవ్వు స్వరాల లెక్కను స్థిరపరచింది. 2012, 2013లలో స్వీడన్ శాస్త్రవేత్తలు కొవ్వు ఎంతో, దాని కూర్పు ఎట్టిదో ఒకే పరీక్షలో బొమ్మగా చూపే పద్ధతులు ప్రకటించారు.

చివరి లెక్క మన ఎనిమిదవ తరగతి లెక్కే. ఉదాహరణకు 100 కొవ్వు అణువులు తీసుకుందాం. అణువుకు 3 చొప్పున 300 తోకలు. యంత్రం 280 ద్విబంధాలున్నాయని, రెండు ద్విబంధాల నడుమ చిక్కిన చోట్లు 70 ఉన్నాయని చెప్పిందనుకుందాం. ఒక తోకలో రెండు ద్విబంధాలుంటే నడిమి చోటు ఒకటే. కాబట్టి రెండు ద్విబంధాల తోకలు 70. వాటికి 140 ద్విబంధాలు పోయాయి. మిగిలిన 140 ద్విబంధాలు ఒక్కొక్క తోకకు ఒక్కొక్కటి. అంటే 140 తోకలు. వంపున్న తోకలు మొత్తం 210. ఇక తిన్నని తోకలు 90. సంతృప్తం 30 శాతం, ఏక అసంతృప్తం సుమారు 47 శాతం, బహు అసంతృప్తం సుమారు 23 శాతం. 1884 నాటి అయొడిన్ విలువ ఏదైతే సీసాలోని నూనెకు చెప్పిందో, అదే మాటను ఈ యంత్రం బ్రతికి ఉన్న మనిషి కడుపులోని కొవ్వుకు చెబుతున్నది.

దీనికి హద్దులూ ఉన్నాయి. తిన్నని తోకలలో పామిటిక్ ఏది, స్టియరిక్ ఏది అన్నది ఇది విడదీయలేదు. మీరు తిన్నది నువ్వుల నూనెయా, పల్లి నూనెయా అని పేరు పెట్టి చెప్పలేదు. కొవ్వు తక్కువ ఉన్నచోట లెక్క తడబడుతుంది. ఊపిరి కదలికకు బొమ్మ చెదురుతుంది. ఇప్పటికి ఇది ముఖ్యంగా పరిశోధనలకు వాడే పరీక్ష.

సన్నని మనిషి, లోపలి కొవ్వు

మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. సన్నగా ఉన్నవారికి కొవ్వేమిటి? పుణె వైద్యులు డా॥ యాజ్ఞిక్, లండన్ వైద్యులు డా॥ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటోనే వైద్య పత్రికలో ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ 22.3. ఒంటిలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అంతకుముందు ఏడాదే యాజ్ఞిక్ బృందం పుణె పసిపిల్లలను ఇంగ్లండు పసిపిల్లలతో పోల్చింది. మన పిల్లలు బరువులో తక్కువ, కండ తక్కువ, కాని చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులోనే ఈ తీరు ఏర్పడుతున్నదన్నమాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ విషయంలో పెద్ద చరిత్ర ఉన్నది. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగం, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. డా॥ గోపాలన్ వంటి మహామహులు నడిపారు. అక్కడి డా॥ గఫూరున్నిసా మన భోజనంలో కంటికి కనబడే నూనెతోపాటు, ధాన్యాలలో, పప్పులలో కనబడకుండా ఉన్న కొవ్వును కూడా లెక్కలోకి తెచ్చారు. ఆ సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో 528 రకాల ఆహారాల కూర్పు ఉన్నది. 1987–90లలో హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాలలో సాగిన పోషకాహార పరిశోధనలో, కొన్ని గ్రామాల గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలను యుక్తవయస్సులో పరీక్షిస్తే, ఇతర గ్రామాల పిల్లలకంటే కొంచెం పొడవుగా ఉన్నారు, ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉన్నది. తల్లికి పెట్టిన గుప్పెడు తిండి పదిహేనేళ్ల తరువాత బిడ్డ ఒంటిలో కనబడింది.

మన తరం సంగతి ఆలోచించండి. సాంచాల మీద నిలబడి బట్ట నేసినవారు, బీడీలు చుట్టినవారు, సైకిలు మీద ఊరూరు తిరిగి ఉద్యోగం చేసినవారు, చాలామంది అరకొర తిండితో పెరిగినవారే. కండ తక్కువ. పని ఉన్నంతకాలం తిన్నది కరిగింది. పని ఆగింది, పళ్లెం ఆగలేదు. మిగిలిన అన్నమే కాలేయంలో తిన్నని తోకల కొవ్వుగా చేరుతుంది. "నేను నూనె పూర్తిగా మానేశానండీ" అనేవారికి కూడా ఫ్యాటీ లివర్ రావడంలో వింత లేదు. నూనె మానారు, అన్నపు రాశి మానలేదు.

ఇది చదివి ఎవరూ ఎం.ఆర్.ఐ. కోసం పరుగెత్తనక్కరలేదు. మామూలు స్కానింగు, రక్తపరీక్షలు, ఒక కొలటేపు చాలు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బరువు ఎంత ఉన్నా డాక్టరుగారిని అడగాలి. వంటకు ఒకే నూనెకు అంటిపెట్టుకోక మార్చి మార్చి, కొలిచి వాడడం మంచిది. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు. వనస్పతి వంటి వాటిలోని ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉన్నది. సాయంత్రపు బజ్జీల బాణలికి ఆ నిబంధన చేరడం మన చేతిలోనే ఉన్నది. వేరే కారణానికి ఎం.ఆర్.ఐ. తీయవలసి వస్తే, గుండెకు పేస్‌మేకర్ గాని, ఒంటిలో లోహపు క్లిప్పులు గాని ఉంటే ముందుగానే తప్పక చెప్పాలి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, అయస్కాంతం మాత్రం భూమి అయస్కాంతానికి 30 వేల రెట్లకు పైగా బలమైనది.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల, పొలాసలో వ్యవసాయ పరిశోధన ఉండనే ఉన్నాయి. గింజను, పశువును, మనిషిని చదివే చదువులు మూడూ ఒకే చుట్టుపట్ల ఉండడం అరుదైన అదృష్టం. గానుగ నూనె నుంచి ప్యాకెట్ నూనె దాకా అన్నీ తిన్న తరం మనది. రేపు ఏ వైద్య విద్యార్థి అయినా కాగితం, కలం పట్టుకుని వచ్చి "తాతా, మీ చిన్నప్పుడు ఇంట్లో ఏ నూనె వాడేవారు? ఎన్ని పూటలు జొన్నలు తినేవారు?" అని అడిగితే, విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పండి. అయస్కాంతం రెండు మూడేళ్ల వెనక్కి మాత్రమే చూడగలదు. అరవై ఏళ్ల వెనకటి పళ్లెం సంగతి మనం చెబితేనే తెలుస్తుంది.